రోజాలో ఆడిన అబద్ధం: పెద్దకూర హలీం పేరు దాచమన్నది ఎవరు?

గత రంజాన్ మాసంలో ఒక మధ్యాహ్నం నా తమ్ముడు స్టీలు డబ్బా నిండా హలీం పెట్టుకొని మోటారు సైకిలు మీద మా ఆపా ఇంటికి బయలుదేరాడు. ముప్పై కిలోమీటర్ల దూరం. మా ఇంట్లో హలీం వండిన రోజున మొదటి డబ్బా ఆపా ఇంటికే పోవాలన్నది అమ్మీ పెట్టిన నియమం. దారిలో ఒక కూడలి వద్ద నలుగురైదుగురు యువకులు బండి ఆపారు. టోపీ చూసి ఆపారో, డబ్బా చూసి ఆపారో తెలియదు.

"డబ్బాల ఏమున్నది?"

"హలీం."

"ఏం కూర?"

తమ్ముడు ఒక్క క్షణం ఆగి, "మటన్ అన్నా" అన్నాడు. మూత తీయించారు. వంగి చూశారు. వారిలో ఒకడు నవ్వి, "హైదరాబాద్ హలీం మస్తుంటది, పో" అని దారి ఇచ్చాడు.

డబ్బాలో ఉన్నది బర్రె మాంసం. చట్టప్రకారం కోసినది, మా బజారులో నలుగురూ చూస్తుండగా పైసలిచ్చి కొన్నది. ఇఫ్తార్ వేళ తమ్ముడు ఖర్జూరం నోట పెట్టుకొని నీళ్ళు తాగి లేచిపోయాడు. హలీం ముట్టలేదు. నమాజు అయ్యాక అడిగితే, "రోజే మే ఝూట్ బోల్ దియా భాయ్" అని తల దించుకున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. ఉపవాసంలో ఉండి అబద్ధమాడానన్న బాధ అతనిది. ప్రాణభయంతో ఆడిన మాటకు అల్లాహ్ వద్ద క్షమాపణ దొరుకుతుందని నేను చెప్పగలిగాను. అంతకు మించి ఏమీ చెప్పలేకపోయాను.

ఆ మాట అతనికి అంత త్వరగా ఎలా అందింది? ఈ ప్రశ్న నన్ను సంవత్సరమంతా వదలలేదు. కూడలిలో నిలబడ్డవారు నేర్పిన మాట కాదది. ఇంట్లో నేర్చుకున్నదే. అతిథులు వచ్చినప్పుడు, బడిలో టిఫిను తెరిచినప్పుడు, ఆఫీసులో తోటి ఉద్యోగి కుతూహలంతో అడిగినప్పుడు మనం చిన్నప్పటి నుంచీ చెబుతున్న మాట "మటన్". భయం కొత్తది కావచ్చు, సిగ్గు మాత్రం పాతది. ఈ రెండింటినీ కలిపి చూడకుండా రంజాన్ నెలలో హలీం గొప్పతనం గురించి ఎన్ని వ్యాసాలు రాసుకున్నా ఉపయోగం లేదు.

మా హలీం ఎలా తయారయ్యేదో ముందు చెప్పాలి. నిజామాబాద్ జిల్లాలో మాది చిన్న ఊరు. అబ్బా సైకిళ్ళు బాగుచేసేవాడు. అమ్మీ బీడీలు చుట్టేది. ఏడాదికి రెండుసార్లు మాత్రమే ఇంట్లో హలీం వండేవారు. మొహర్రంలో ఒకసారి, రంజాన్ మూడో పదిలో ఒకసారి. ముందురోజు సాయంత్రం అమ్మీ గోధుమలు తడిపి, రోట్లో పోసి, తడి చేత్తో చిలకరిస్తూ దంచేది. పొట్టు ఊడిన గోధుమలను చేటలో చెరిగి రాత్రంతా నానబెట్టేది. శనగపప్పు, మినప్పప్పు, పెసరపప్పు, ఎర్రపప్పు తలా ఒక గుప్పెడు. మాంసం అబ్బా తెచ్చేవాడు. కాలి పిక్క మాంసమే కావాలని కసాయి వద్ద పట్టుబట్టేవాడు. అందులో నరం, జిగురు ఎక్కువ. గంటల తరబడి ఉడికితే ఆ జిగురే హలీంకు సాగుడు ఇస్తుంది. మేక మాంసంలో ఆ గుణం తక్కువని, అందుకే హోటలు వాళ్ళు అంత నెయ్యి పోస్తారని అమ్మీ వాదన. నెయ్యి కొనలేని ఇంటి వాదన అది అని ఎవరైనా అనవచ్చు. మా నాలుకకు మాత్రం అదే నిజం.

వెనుక పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి. అరువు తెచ్చిన దేగ్. షాజీరా, కబాబ్ చీనీ, దాల్చిన చెక్క, మిరియాలు, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి. తరావీహ్ నమాజు ముగించుకొని అబ్బా, చాచా వచ్చి ఒకరి తరువాత ఒకరు కర్ర ఘోట్నీతో దంచేవారు. సహరీ వేళకు మాంసమేదో గోధుమ ఏదో తెలియకుండా కలిసిపోయేది. పిల్లలం నిద్రపోమని చెప్పినా పోయేవాళ్ళం కాము, ఘోట్నీకి అంటుకున్నది నాకడానికి.

తెల్లారేసరికి కటోరాలు వరుసగా పెట్టి, పైన వేయించిన ఉల్లి, కొత్తిమీర, నిమ్మచెక్క. ఏ కటోరా ఏ ఇంటికో అమ్మీకి నోటికి తెలుసు. మా గల్లీ చివర మాదిగ కుటుంబాలు నాలుగు ఉండేవి. ఆ నాలుగిళ్ళకూ వెళ్ళేది. పండుగనాడు అక్కడి నుంచి మాకూ కూర వచ్చేది, కాకపోతే అది హలాల్ కాదని అమ్మీ నవ్వుతూ తిరిగి ఇచ్చేసేది, వాళ్ళూ నవ్వుతూనే తీసుకునేవారు. పక్కింటి పద్మశాలి అక్క అమ్మీతో పాటు బీడీలు చుట్టేది. ఆమె తినదు. "వాసన గల్లీ అంత వచ్చింది చెల్లె, ఇయ్యాల మీది పెద్ద పండుగే" అనేది. ఆమెకు వేరే గిన్నెలో ఖర్జూరాలు, పండ్లు వెళ్ళేవి. ఏం మాంసమని ఆమె ఎన్నడూ అడగలేదు, ఎందుకంటే ఆమెకు తెలుసు. అమ్మీ దాచలేదు, ఎందుకంటే దాచవలసిన అవసరం రాలేదు. ఆ కాలంలో అంతా సవ్యంగా ఉండేదని నేను అనడం లేదు. ఎవరింట్లో ఎవరు నీళ్ళు తాగరో మాకూ తెలుసు. కానీ కటోరా మీద కప్పిన చేతిగుడ్డ ఈగలు వాలకుండా కప్పినదే, మనుషుల కళ్ళ నుంచి దాచడానికి కాదు.

ఇంటి జ్ఞాపకం ఒక్కటే సాక్ష్యంగా చాలదు కనుక పుస్తకాలూ తిరగేశాను. హలీంకు మూలమైన హరీస్ అన్న పేరు దంచడం, నలగగొట్టడం అన్న అర్థమిచ్చే అరబ్బీ ధాతువు నుంచి వచ్చింది. పదో శతాబ్దంలో బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ కూర్చిన వంటల గ్రంథంలో హరీసా ఉన్నది. 1226లో అల్ బాగ్దాదీ రాసిన గ్రంథంలోనూ ఉన్నది. అక్బరు కాలపు ఆయిన్-ఇ-అక్బరీలో అబుల్ ఫజల్ హరీసానూ హలీంనూ వేరువేరుగా లెక్కగట్టాడు. హరీసాకు పది శేర్ల మాంసం, ఐదు శేర్ల దంచిన గోధుమ. హలీంలోనైతే శనగలతో పాటు ముల్లంగి జాతి దుంపలు, క్యారెట్లు, పాలకూర కూడా. మొగలాయీ వంటశాలలో హలీం అంటే ఇంత కూరగాయల పులుసులా ఉండేదని తెలిస్తే నేటి "అసలైన హలీం" పండితులు ఏమంటారో!

మన హైదరాబాదుకు హరీస్ వచ్చిన దారి సైనికుల దారి. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి నిజాముల సైన్యంలో పనిచేయడానికి వచ్చిన అరబ్బులు, మనం చావూష్‌లని పిలుచుకునేవారు, తమ బ్యారక్సులలో వండుకున్న ఆహారమది. ఆ బ్యారక్సే నేటి బార్కస్. ఇప్పటికీ అక్కడ ఉదయం పూట హరీస్ దొరుకుతుంది. ముకల్లా సుల్తాను వంశానికి చెందిన సైఫ్ నవాజ్ జంగ్ విందుల ద్వారా అది నగరంలోని పెద్దల బల్లల మీదికి చేరిందని, తరువాత ఇరానీ హోటళ్ళు దానిని సామాన్యుడికి అమ్మాయని చెబుతారు. దక్కనీ మసాలా చేరి అది మన హలీం అయింది.

ఇదే వంటకం టర్కీలో కెష్కెక్. పెళ్ళిళ్ళలో ఊరంతా చేరి, దువా చదివి, డోలు దెబ్బల నడుమ గోధుమలు దంచే ఆ సంప్రదాయాన్ని 2011లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. 2023లో యు.ఎ.ఇ., ఒమన్, సౌదీ అరేబియాలు కలిసి హరీస్‌ను అదే జాబితాలో చేర్పించుకున్నాయి. అర్మేనియా క్రైస్తవులు హరీసాను కోడితోనూ గొర్రెతోనూ వండుతారు. కాశ్మీరులో చలికాలపు ఉదయాలకు గొర్రె మాంసపు హరీసా. మాంసం ఎక్కడికక్కడ మారింది. మారనిది గోధుమ, దీర్ఘమైన మంట, దంచే చెయ్యి. ఎవరి చేతికి ఏ మాంసం అందితే దానితోనే ఈ వంట బతికింది.

ఇక మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి మాంసాహార వంటకమని పత్రికలన్నీ రాశాయి. మనమూ పొంగిపోయాం. నేనూ ఆ వార్త కత్తిరించి దాచుకున్నవాడినే. ఆ గుర్తింపుకు పెట్టిన నిబంధనలు చదివింది మాత్రం చాలా ఆలస్యంగా. మాంసం మేక మాంసమే అయి ఉండాలి. మాంసం, గోధుమల నిష్పత్తి 10:4 ఉండాలి. నెయ్యి స్వచ్ఛమైనదని ప్రయోగశాల ధ్రువీకరించాలి. రాగి పాత్రలో, కట్టెల మంట మీద, దాదాపు పన్నెండు గంటలు ఉడకాలి.

నకిలీల నుంచి కాపాడుకోవడానికి నిబంధనలు అవసరమే. తయారీదారులు శ్రమపడి సాధించిన హక్కును నేను తక్కువ చేయడం లేదు. కానీ ఈ నిర్వచనం ప్రకారం మా అమ్మీ హలీం హైదరాబాదీ హలీం కాదు. మా ఊరు హైదరాబాదు కాదు గనుక ఆ సంగతి వదిలేయండి. పాతబస్తీ గల్లీలలో, రంజాన్ నెలంతా చిన్న భట్టీల మీద, "బడే కా హలీం" అమ్మి బతికే వందలాది కుటుంబాల సంగతి ఏమిటి? రోజంతా ఆటో తోలి, మగ్గం పని చేసి, బరువులు మోసి ఇఫ్తార్‌కు ఆ గిన్నె కొనుక్కునే మనిషి తింటున్నది ఏమిటి? పేరున్న హోటలులో ఒక ప్లేటు ధర మూడు వందల రూపాయల దగ్గర ఉన్నది. గల్లీలో పెద్దకూర హలీం అందులో మూడో వంతుకు దొరుకుతుంది. ఆయిన్-ఇ-అక్బరీ నిష్పత్తికీ సరిపోని, హద్రమౌత్ సైనికుడి గిన్నెకూ వర్తించని ఒక హోటలు వంట పద్ధతి "అసలు" అయింది. అసలైన తినేవాడి గిన్నె పేరులేనిది అయింది.

కూడలిలో నా తమ్ముణ్ణి వదిలిపెట్టిన మాట ఏదో గుర్తు తెచ్చుకోండి. "హైదరాబాద్ హలీం మస్తుంటది, పో." అంటే ఆ యువకుడికి హలీం మీద కోపం లేదు. రంజాన్ వచ్చిందంటే అతడూ వరుసలో నిలబడి తింటాడు. హలీం పర్యాటక ప్రకటనలలో ఉన్నంతవరకు, మేక మాంసంతో ఉన్నంతవరకు, అది నగరం గర్వం. అదే గోధుమ, అదే ఘోట్నీ, అదే దువా, మాంసం మారితే నేరస్థుడి డబ్బా. మెచ్చుకొనేటప్పుడు వంటకం "హైదరాబాదీ" అవుతుంది, నిలదీసేటప్పుడు "ముస్లింలది" అవుతుంది. 2015 సెప్టెంబరులో దాద్రీలో అఖ్లాక్‌ను చంపిన మూకకు ఇంట్లోని ఫ్రిజ్‌లో ఉన్నది ఏ మాంసమన్న అనుమానమే చాలింది. ఆ తరువాత ఆ మాంసాన్ని పరీక్షలకు పంపి, ఫలితం ఏమిటని దేశమంతా చర్చించింది. హత్యకు గురైన మనిషి కన్నా మాంసం పేరు పెద్ద ప్రశ్న అయింది.

చట్టం ఏమంటున్నదో మన ఇళ్ళలో ఎందరికి తెలుసు? ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అమలులో ఉన్నది 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం. అది ఆవు వధను, దూడల వధను నిషేధించింది. బర్రె, దున్న వంటి పశువులు వ్యవసాయానికీ పాడికీ సంతానోత్పత్తికీ పనికిరావని అధికారి ధ్రువపత్రం ఇస్తే వధకు అనుమతి ఉన్నది. అంటే మా డబ్బాలోని బర్రె మాంసం నిషిద్ధ వస్తువు కాదు. 1958లో ఖురేషీ కసాయిలు సుప్రీంకోర్టుకు వెళ్ళినప్పుడు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆవు వధ నిషేధాన్ని సమర్థిస్తూనే, పనికిరాని బర్రెలు, ఎద్దుల మీద సంపూర్ణ నిషేధం చెల్లదన్నది. ఆ మాంసం పేదవారికి అందుబాటులోని పోషకాహారమన్న వాస్తవాన్ని కూడా ఆనాడు గుర్తించింది. 2005లో గుజరాత్ కేసులో ఏడుగురి ధర్మాసనం ఎద్దుల విషయంలో ఆ వైఖరిని మార్చి నిషేధాన్ని సమర్థించింది. దానితో నేను ఏకీభవించను. కానీ బర్రె మాంసం ఆ కేసులో ముద్దాయి కాదు. 2017లో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తులు తీర్పు చెప్పినప్పుడు, కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన జస్టిస్ చలమేశ్వర్ తన అభిప్రాయంలో, ఏం తినాలో రాజ్యం చెప్పడాన్ని ఎవరూ ఇష్టపడరని రాశారు. రాజ్యమే చెప్పకూడని మాటను కూడలిలో నలుగురు కుర్రవాళ్ళు చెబుతున్నారు.

ఇంకొక సంగతి. ఈ దేశం ఏటా మూడు వందల కోట్ల డాలర్లకు పైబడిన బర్రె మాంసాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నది. ప్రపంచంలోని పెద్ద ఎగుమతిదారులలో మనమూ ఒకరం. ఓడ ఎక్కిన మాంసం విదేశీ మారకద్రవ్యం, మోటారు సైకిలు ఎక్కిన మాంసం అనుమానాస్పద వస్తువు!

ఇక్కడ మనలోనే ఒక వర్గం అడ్డు తగులుతుంది. వారి మాట నాకు కంఠతా వచ్చు. "కాలం బాగాలేదు. పెద్దకూర తినడం ఫర్జ్ కాదు, వాజిబ్ కాదు. మానేస్తే పోయేదేమిటి? ఎందుకీ గోల?" ఇది దురుద్దేశంతో అనే మాట కాదు, పిల్లల క్షేమం కోరి అనే మాటే. అందుకే దానికి జవాబు చెప్పాలి.

తినడం ఫర్జ్ కాదు, నిజమే. 1919లో అమృతసర్‌లో జరిగిన ముస్లిం లీగ్ సమావేశంలో అధ్యక్షుడు హకీం అజ్మల్ ఖాన్, హిందూ సోదరుల మనోభావాల కోసం బక్రీదుకు గోబలి మానుకోమని ముస్లింలను కోరారు. ఎందరో మానుకున్నారు. గోరక్షణను ఖిలాఫత్ మద్దతుకు షరతుగా పెట్టనని గాంధీజీ కూడా ఆ రోజులలోనే చెప్పారు. ఒకరు అడగకుండా ఇచ్చారు, మరొకరు బేరం పెట్టకుండా తీసుకున్నారు. అది స్నేహం. ఇప్పుడు అడుగుతున్నది ఆవు గురించి కాదు, చట్టం అనుమతించిన బర్రె గురించి. అడుగుతున్నది స్నేహితుడు కాదు, బండి ఆపినవాడు. బండి ఆపినవాడికి ఇచ్చేదానిని కానుక అనరు. పైగా మానేసినవాడిని వదిలిపెడతారా? మేక మాంసం మీద కూడా అనుమానమే కదా! నా తమ్ముడు "మటన్" అన్నా మూత తీయించారు.

పోయేదేమిటి అని అడిగేవారికి మటన్ కిలో ఎంతో తెలియకపోవచ్చు. మా బజారులో మూడు కిలోల పెద్దకూర డబ్బుకు ఒక కిలో మటన్ వస్తుంది. నలుగురు పిల్లలున్న బీడీ కార్మికురాలికి "మానేయండి" అని చెప్పడమంటే మాంసమే మానేయమని చెప్పడం. కొలిమిలా వేడెక్కిన చర్చలలో ఈ లెక్క ఎవరూ వేయరు. మరి ఖురేషీల సంగతి? తరతరాలుగా ఇదే వృత్తిగా బతుకుతున్నవారు, వారి వద్ద పశువు అమ్ముకొని కొత్త పాడికి పెట్టుబడి తెచ్చుకునే రైతు, తోళ్ళ పని చేసేవారు, ఇందరి బువ్వ ఈ మాంసంతో ముడిపడి ఉన్నది. వీరిలో ముస్లింలు కానివారే ఎక్కువ.

మనం నోరు మూసుకున్న చోట మాట్లాడినవారు ఎవరో కూడా చెప్పుకోవాలి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పెద్దకూర పండుగ చేసి దెబ్బలు తిన్నవారిలో ముందున్నది దళిత విద్యార్థులు. ఇది మా తిండి, మా అమ్మల వంట అని వారు తెలుగులో, పేరు పెట్టి, బహిరంగంగా అన్నారు. అదే మాంసం మీద ఆధారపడిన మన పెద్దలు ఎందరు ఆ రోజు వారి వెంట నిలబడ్డారు? "ఇది మన గొడవ కాదు" అన్నవారి పేర్లు నాకు తెలుసు, అందులో ఒకటి నాది. మా గల్లీ చివరి నాలుగిళ్ళకు కటోరాలు పంపిన అమ్మీ కొడుకును నేను.

సిగ్గు గురించి ఇంకొంచెం. మన దావత్‌లలో జరిగేది గమనించండి. పెద్దది పెడితే "ఏం, అంత గతిలేదా?" అని గుసగుస. ముఖం చిట్లించి గిన్నె జరిపేవారు, "మేము బడే కా తినము" అని వంశగౌరవంలా చెప్పుకునేవారు మనలో తక్కువ లేరు. వైద్యుడు వద్దన్నాడంటే అర్థముంది, రుచించదంటే అర్థముంది. పేదవాడి తిండి కనుక తినననడంలో ఏ దీన్ ఉన్నది? దైవప్రవక్త (స) ఏ ఆహారాన్నీ ఎన్నడూ తప్పుపట్టలేదని, ఇష్టమైతే తిన్నారని, లేకుంటే మౌనంగా వదిలేశారని ప్రామాణిక హదీసు. హలీం అన్నది అల్లాహ్ నామాలలో ఒకటి కనుక వంటకాన్ని ఆ పేరుతో పిలవరాదు, దలీం అనాలి అని వాదించేవారు కూడా బయలుదేరారు. పేరు మీద అంత పట్టింపు ఉన్నవారు, బర్రె మాంసాన్ని మటన్ అనిపిస్తున్న పరిస్థితి మీద ఒక్క మాట అనరేమి?

అమ్మేవారి సంగతీ అంతే. పెద్దకూర హలీం అమ్మే బండ్లలో చాలావాటి మీద "స్పెషల్ హలీం" అని మాత్రమే ఉంటుంది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. కొనే పరాయి మతస్థుడికి తాను ఏం తింటున్నాడో తెలుసుకునే హక్కు ఉన్నది. అతనికి చెప్పకుండా పెట్టడం ద్రోహం. ఆ ఒక్క సంఘటన చాలు, వందమంది నిజాయితీపరుల బండ్లు తగలబడడానికి. కనుక పేరు రాయడం మన హక్కుల కోసమే కాదు, ఎదుటివాడి పట్ల మన బాధ్యత కూడా.

ఈ మాటే చెబుదామని మా వీధి మూలన హలీం భట్టీ నడిపే ఖురేషీ పెద్దాయన వద్దకు వెళ్ళాను. "చచా, ఈ ఏడు బోర్డు మీద 'బర్రె మాంసపు హలీం' అని తెలుగులో, ఉర్దూలో రాయించండి. కొన్న రసీదులు దగ్గర పెట్టుకోండి. హలీం గుర్తింపు నిబంధనలో మన వంటకూ చోటివ్వమని తయారీదారులను కలిసి అడుగుదాం. నేను వెంట వస్తాను" అన్నాను.

ఆయన మంట సర్దుతూ అంతా విన్నాడు. "రాయిస్తా బేటా" అన్నాడు. "రాళ్ళు పడితే నా దేగ్ మీద పడతయి, నీ కలం మీద పడవు. అయినా రాయిస్తా. గాని ఒక్క మాట అడుగుతా. షవ్వాల్‌ల నీ బిడ్డ వలీమా ఉన్నదంట. ఏం చెప్పినవ్ వంట మాస్టరుకు?"

నేను జవాబు ఇవ్వలేదు. ఆయనకు ముందే తెలుసు. ఆరు వందలమందికి మటన్ చెప్పాను. అప్పు చేసి మరీ అడ్వాన్సు ఇచ్చాను. వియ్యాలవారు ఏమనుకుంటారో అని.

"ముందు నీ దావత్‌ల పెద్దది పెట్టు. పెద్దదని నోరు తెరిచి చెప్పు. తెల్లారి నా బోర్డు మారుతది" అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మీకి చెప్పాను. ఆమెకు ఎనభై దగ్గర పడుతున్నది, కళ్ళు సరిగా కనబడవు. "పిక్క మాంసమే తెమ్మని చెప్పు, లేకుంటే సాగదు" అన్నది. పద్మశాలి అక్క కొడుకు కుటుంబానికి, తినని ఇతర అతిథులకు వేరే వంట, వేరే బల్ల ఉండాలని, రెండు చోట్లా పేర్లు రాసి పెట్టాలని గుర్తు చేసింది. వియ్యపురాలితో తానే మాట్లాడతానన్నది. ఆ రాత్రి ఇషా తరువాత వంట మాస్టరుకు ఫోను చేశాను.